హాగ్లీ అడవిలో దొరికిన స్త్రీ: పేరు తెలియని హత్య ఎందుకు తేలదు?

మీరు అడిగినవి క్లుప్తంగా మూడు ప్రశ్నలు. 1943లో ఇంగ్లండులోని హాగ్లీ అడవిలో చెట్టు తొర్రలో అస్థిపంజరంగా దొరికిన స్త్రీ, అంటే లోకమంతా 'బెల్లా' అని పిలుస్తున్న ఆమె, జర్మన్ గూఢచారిణా లేక చేతబడికి బలైన మనిషా అన్నది మొదటిది. ఇన్ని పాత కేసులు డీఎన్ఏతో తేలుతున్న రోజుల్లో ఈ కేసు మాత్రం ఎందుకు తేలడం లేదన్నది రెండోది. ఆమెను చంపింది ఎవరై ఉంటారని నా అభిప్రాయం అడగడం మూడోది. నేను ఇరవై ఆరేళ్ళు ఫోరెన్సిక్ ప్రయోగశాలలో, ఎక్కువగా ఎముకలూ దంతాలూ పరీక్షించే పనిలో గడిపినవాణ్ణి. ఈ కేసుతో నాకు ప్రత్యక్ష సంబంధం లేదు. బయటికి వచ్చిన వివరాలను వృత్తి అనుభవంతో చదివి చెబుతున్నాను. మూడింటికీ సమాధానం చెబుతాను కానీ ఆ వరసలో కాదు. మొదటి ప్రశ్న అడిగే తీరులోనే ఎనభై ఏళ్ళుగా అందరూ చేస్తున్న పొరపాటు ఉంది. అందరూ ముందు కథను ఎంచుకుని, తరవాత ఆ కథకు సరిపడే ఆడమనిషి కోసం వెతుకుతున్నారు. దర్యాప్తు నడవవలసింది దానికి ఎదురు దిశలో.

ముందు జరిగిన సంగతి చూద్దాం. 1943 ఏప్రిల్ 18న స్టోర్‌బ్రిడ్జ్‌కు చెందిన నలుగురు కుర్రాళ్ళు హాగ్లీ అడవిలోకి వెళ్ళారు. వుస్టర్‌షైర్‌లో విచ్‌బరీ కొండకు దగ్గరలో ఉన్న ఆ అడవి లార్డ్ కోబమ్ ఎస్టేటులోది, అందులోకి వెళ్ళడానికి వాళ్ళకు అనుమతి లేదు. వాళ్ళలో ఒకడు పక్షి గూడు ఉంటుందేమోనని పెద్ద విచ్ ఎల్మ్ చెట్టు ఎక్కి, బోలుగా ఉన్న మొద్దులోకి తొంగి చూస్తే లోపల పుర్రె కనిపించింది. ఏదో జంతువుది అనుకుని బయటికి తీశాడు. తీరా చూస్తే కొంచెం జుట్టు ఇంకా అంటుకుని ఉంది, పళ్ళు మనిషివి. దొంగతనంగా వచ్చామన్న భయంతో పుర్రెను ఎక్కడిదక్కడ పెట్టేసి, ఎవరికీ చెప్పకూడదనుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. అందరికంటే చిన్నవాడు మాత్రం ఆ సంగతి మనసులో దాచుకోలేక తల్లిదండ్రులకు చెప్పేశాడు. పోలీసులు వచ్చి తొర్రలోంచి దాదాపు పూర్తి అస్థిపంజరాన్ని, చెప్పును, చవకరకం పెళ్ళి ఉంగరాన్ని, బట్టల పీలికలను తీశారు. ఒక చేతి ఎముకలు మాత్రం చెట్టుకు కొంత దూరంలో నేల మీద దొరికాయి.

ఇక్కడ చిన్న వివరణ అవసరం. ఆ చెట్టు పేరులోని 'విచ్' అన్న మాటకూ మంత్రగత్తెకూ సంబంధం లేదు. అది వంగే గుణాన్ని చెప్పే పాత ఇంగ్లీషు మాట, అక్షరక్రమం కూడా వేరు. కానీ చెవికి రెండూ ఒకలాగే వినిపించడం వల్ల ఈ కేసుకు మొదటినుంచీ మంత్రాల వాసన అంటుకుంది. విచ్‌బరీ కొండ మీది రాతి స్తంభంపై 1970ల నుంచి తెల్ల రంగుతో కనిపిస్తున్న 'బెల్లాను విచ్ ఎల్మ్‌లో పెట్టింది ఎవరు?' అన్న ప్రశ్నలో చెట్టు పేరును మంత్రగత్తె అన్న అర్థం వచ్చే అక్షరాలతోనే రాశారు.

ఎముకలను పరీక్షించినవారు బర్మింగ్‌హామ్‌కు చెందిన ప్రొఫెసర్ జేమ్స్ వెబ్‌స్టర్. ఆయన చెప్పినది చాలా వరకు నేటికీ నిలిచే మాటే. మృతురాలు స్త్రీ, వయసు సుమారు 35, ఎత్తు సుమారు 5 అడుగులు, జుట్టు గోధుమ రంగు, కింది పళ్ళ వరుస ఎగుడుదిగుడుగా ఉంది, చనిపోయి కనీసం 18 నెలలైంది. అంటే లెక్క 1941 అక్టోబరుకో అంతకుముందుకో పోతుంది. నోటి లోపల టఫెటా అనే పట్టులాంటి గుడ్డ ముక్క కుక్కి ఉండడం వల్ల ఊపిరాడకుండా చేసి చంపి ఉంటారని ఆయన భావించారు. ఎముక మీద ఊపిరాడకపోవడం తాలూకు గుర్తేదీ మిగలదు కాబట్టి ఇది ఎముకలు చెప్పిన సాక్ష్యం కాదు, గుడ్డ ఉన్న చోటు చెప్పిన సాక్ష్యం. అయినా, ఎదిగిన మనిషి శరీరాన్ని ఇరుకు తొర్రలోకి దింపి దాచిన తీరుతో కలిపి చూస్తే, హత్య అన్న నిర్ణయాన్ని తప్పుపట్టడానికి నాకు కారణమేమీ కనబడదు.

ఆయన చేసిన ఇంకో ఊహను కొంచెం ఆగి చూడాలి. ఆ తొర్ర ఎంత ఇరుకంటే, శరీరం బిగుసుకుపోయాక దాన్ని అందులోకి దింపడం సాధ్యం కాదు. కాబట్టి ఒంట్లో వేడి ఉండగానే దింపారని వెబ్‌స్టర్ అన్నారు. మరణించిన కొన్ని గంటల్లో కండరాలు బిగుసుకోవడం మొదలై, దాదాపు పన్నెండు గంటలకు పూర్తిగా బిగుస్తాయి. ఒకటిన్నర రెండు రోజుల తరవాత మళ్ళీ సడలుతాయి. ఆ లెక్కన బిగుసుకోక ముందు దింపి ఉండవచ్చు, సడలాక కూడా దింపి ఉండవచ్చు. అయితే శవాన్ని రెండు రోజులు దాచి, కుళ్ళడం మొదలయ్యాక భుజాన వేసుకుని అడవికి తీసుకొచ్చే హంతకులు అరుదు. కనుక నేనూ వెబ్‌స్టర్ వైపే మొగ్గుతాను. అదే నిజమైతే హత్య జరిగిన చోటు ఆ చెట్టుకు దగ్గరలోనే ఉండాలి. చివర్లో ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక పన్ను, నిజానికి ఆ పన్ను ఉండవలసిన చోటు. చనిపోవడానికి ఏడాదిలోపు ఆమె కింది దవడ పన్నొకటి పీకించుకుంది. పేరే తెలియని మనిషి గురించి ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలరని మీకు అనిపించవచ్చు. పన్ను పీకిన గుంట బతికున్న మనిషి దవడలో మాత్రమే పూడుతుంది. మొదట గుంట అంచులు పదునుగా, అడుగు లోతుగా ఉంటుంది. వారాలు గడిచే కొద్దీ లోపల జాలీలాంటి సన్నని కొత్త ఎముక అల్లుకుంటుంది. నెలల మీద అంచులు నున్నబడి, ఏడాది తిరిగేసరికి చాలామందిలో ఆ చోటు దవడ మీది చిన్న పల్లంలా మాత్రమే మిగులుతుంది. చనిపోయాక ఊడిపోయిన పంటి గుంట అలా మారదు, ఊడిన రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. అంటే ఆ దవడ మీద గుంట పూడడం ఏ దశలో ఆగిందో, ఆమె ప్రాణం ఆ దశలో పోయిందన్నమాట. ఎక్కడో ఒక పళ్ళ డాక్టరు ఆ చివరి ఏడాదిలో ఆమె నోరు తెరిపించి, ఆ వంకర పళ్ళను చూసి ఉంటాడు. పోలీసులు ఆ వివరాలను దేశంలోని దంతవైద్యులకు పంపారు, వాళ్ళ పత్రికల్లోనూ వేయించారు. ఒక్కరూ గుర్తుపట్టలేదు.

ఎందుకు గుర్తుపట్టలేదన్న దానికి ఎవరూ కుట్రను వెతకనక్కరలేదు. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య సేవ వచ్చింది 1948లో. అంతకుముందు పేదవాళ్ళు పన్ను నొప్పి పెడితే పైకం ఇచ్చి పీకించుకుని వెళ్ళిపోయేవారు. దానికి రికార్డు ఉండాలని ఏమీ లేదు. పైగా 1940, 41 సంవత్సరాలలో ఆ ప్రాంతం బాంబుల కింద ఉంది. 1940 నవంబరు 14 రాత్రి కొవెంట్రీ నగరం నాశనమైంది. బర్మింగ్‌హామ్ మీద నెలల తరబడి దాడులు జరిగాయి. డాక్టర్లు సైన్యంలోకి వెళ్ళారు, ఆసుపత్రులు కూలాయి, కాగితాలు కాలిపోయాయి. ఆమె కోసం ఎదురు చూసే అమ్మో చెల్లెలో ఉండి ఉంటే, వాళ్ళు పోలీసుల దగ్గరికి వెళ్ళకుండానే ఫలానా రాత్రి బాంబుదాడిలో పోయి ఉంటుందని ఏడ్చి ఊరుకుని ఉండవచ్చు. అప్పటికి ఇంగ్లండులో ప్రతి మనిషికీ గుర్తింపు కార్డు, రేషను పుస్తకం ఉండేవి. అయినా ఒక మనిషి లేకుండా పోతే ఆ లోటు ఎక్కడా నమోదు కాలేదు. యుద్ధం వల్ల జనం ఫ్యాక్టరీ పనులకని, బాంబుల నుంచి దూరంగానని ఊళ్ళు మారుతూనే ఉన్నారు. కనబడని మనిషి ఎక్కడో ఉందిలే అనుకోవడం ఆ కాలంలో చాలా సహజం.

చెప్పు విషయంలో పోలీసులు పడిన శ్రమను తక్కువగా చూడకూడదు. నీలి రంగు, రబ్బరు క్రేపు అడుగు ఉన్న ఆ రకం చెప్పుల తయారీదారు దాకా వెళ్ళి, అమ్ముడైన జతల లెక్క తీసి, ఆరు జతలు తప్ప మిగిలినవన్నీ ఎవరు కొన్నారో పట్టుకోగలిగారు. ఆ ఆరు డడ్లీ పట్టణంలోని సంత దుకాణంలో అమ్ముడయ్యాయి. అక్కడితో దారి ఆగిపోయింది. సంతలో చిల్లర ఇచ్చి కొన్న చెప్పుకు రసీదు ఉండదు. బట్టలకూ చెప్పులకూ రేషను కూపన్లు 1941 జూన్ 1న వచ్చాయి. ఆమె అంతకుముందే కొని ఉంటే కూపను జాడ కూడా ఉండదు. అయినా ఈ దారి మనకు ముఖ్యమైన సంగతి ఒకటి చెబుతోంది. డడ్లీ హాగ్లీకి కొన్ని మైళ్ళ దూరంలోనే ఉంది. ఆ జత ఆ ఆరింటిలోదే అయితే, ఈమె బెర్లిను నుంచి పారాచూట్‌లో దిగిన మనిషి కాదు, పక్క ఊరి సంతలో చెప్పులు కొనుక్కున్న మనిషి.

ఇప్పుడు ఆ పేరు సంగతి. 1944లో బర్మింగ్‌హామ్‌లోనూ చుట్టుపక్కలా గోడల మీద సుద్దముక్కతో రాతలు కనిపించాయి. ఒకచోట బెల్లా అని, ఇంకోచోట లూబెల్లా అని రాసి, ఆమెను విచ్ ఎల్మ్‌లో పెట్టింది ఎవరని అడిగారు. రాసినవాళ్ళు దొరకలేదు. నా దృష్టిలో ఈ కేసుకు జరిగిన పెద్ద నష్టాల్లో ఇది ఒకటి. గోడ మీది వాక్యాన్ని ముక్కలు చేసి చూడండి: అడవి పేరు, చెట్టు పేరు, ఆమెను అందులో ఎవరో పెట్టారన్న సంగతి, ఇవన్నీ అప్పటికి ఏడాదిగా పత్రికల్లో వస్తున్నవే. హంతకుడికో, కళ్ళారా చూసినవాడికో మాత్రమే తెలిసే వివరం అందులో ఒక్కటీ లేదు. కొత్తది పేరొక్కటే, అది నిజమో కాదో చెప్పే దారీ లేదు. దర్యాప్తు చేసేవాళ్ళు సాధారణంగా కొన్ని వివరాలు పత్రికలకు ఇవ్వకుండా దాచుకుంటారు. ఎవరైనా వచ్చి నాకు తెలుసు అన్నప్పుడు ఆ దాచినదాంతో కొలుస్తారు. ఈ రాత ఆ కొలతకు నిలవదు. అయినా పోలీసులు ఆ పేరు పట్టుకుని కనబడకుండా పోయిన బెల్లాల కోసం ఆరా తీయవలసి వచ్చింది. ఆమె అసలు పేరు మేరీ అయితే, ఆ ఆరా సాగినంత కాలం మేరీ కాగితం ఎవరి చేతికీ రాదు. పేరు లేని మనిషికి తప్పు పేరు పెట్టడం ఏ పేరూ పెట్టకపోవడం కంటే హాని, అందుకే నేను ఆ పేరును వీలైనంత వరకు వాడను.

ప్రచారంలో ఉన్న కథలను ఇప్పుడు ఎముకలతో కొలిచి చూద్దాం. 1945లో మార్గరెట్ మర్రే అనే పండితురాలు, విడిగా దొరికిన చేతి ఎముకలను చూపి ఇది మంత్రవిద్యకు సంబంధించిన హత్య కావచ్చన్నారు. ఉరి తీసినవాడి చేతికి మహిమ ఉంటుందన్న పాత యూరోపియన్ నమ్మకం ఆ ఊహకు ఆధారం. ఆమె పాండిత్యం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆరుబయట పడి ఉన్న శవాలను చూసినవాళ్ళెవరూ ఈ ముగింపుకు రారు. కుళ్ళిన శరీరంలో మణికట్టు దగ్గరి కీళ్ళు ముందుగా వదులవుతాయి. నక్కలూ ఇతర జంతువులూ తేలికగా ఎత్తుకుపోయేది చేతినే. కత్తితో కోసిన చెయ్యి అయితే ఎముక కొనల మీద గాటు ఉండాలి. అలాంటి గాటు గురించిన మాట లేనప్పుడు చేతబడి దాకా పోనక్కరలేదు.

గూఢచారిణి కథకు ఆకర్షణ ఎక్కువ. జోసెఫ్ జాకబ్స్ అనే జర్మన్ గూఢచారి 1941 జనవరి చివరి రోజు రాత్రి పారాచూట్‌తో దిగి, చీలమండ విరిగి, మరునాడే దొరికిపోయాడు. అతణ్ణి 1941 ఆగస్టు 15న లండన్ టవర్‌లో కాల్చి చంపారు. అక్కడ మరణశిక్ష అమలైన చివరి మనిషి అతడే. అతని దగ్గర క్లారా బావర్లె అనే జర్మన్ గాయని ఫోటో దొరికింది. ఆమెను కూడా ఇంగ్లండుకు పంపే ఆలోచన ఉందని అతను చెప్పడంతో, తొర్రలోని స్త్రీ ఆమేనని తరవాతి కాలంలో కొందరు ప్రచారం చేశారు. ఇది ఒక్క కొలతకే కూలిపోతుంది: ఆ గాయని దాదాపు ఆరడుగుల మనిషి, తొర్రలో దొరికిన స్త్రీ ఐదడుగులు. తొడ ఎముక పొడవునుంచి ఎత్తు లెక్కగట్టడంలో రెండు మూడు అంగుళాల తేడా వస్తే రావచ్చు, పన్నెండు అంగుళాల తేడా రాదు. పైగా ఆ గాయని 1942 డిసెంబరులో బెర్లినులో చనిపోయినట్టు రికార్డు బయటపడింది. ఈ కథను ఇక ఎవరు చెప్పినా వినోదంగా వినండి, అంతే.

మూడో కథ 1953లో వచ్చింది. 'అన్నా ఆఫ్ క్లేవర్లీ' అన్న మారుపేరుతో ఒకామె వుల్వర్‌హాంప్టన్ పత్రికకు ఉత్తరం రాసింది. తన మాజీ భర్త, ఒక డచ్చి మనిషి కలిసి తాగిన మత్తులో ఉన్న స్త్రీని బుద్ధి వస్తుందని ఆ తొర్రలో కూర్చోబెట్టి వచ్చారని ఆమె కథనం. ఆ మాజీ భర్త 1942లోనే, అంటే అస్థిపంజరం దొరకక ముందే, మానసిక చికిత్సాలయంలో చనిపోయాడు. ఈ కథను నేను పూర్తిగా కొట్టిపారేయను, ఎందుకంటే ఇందులో స్థానిక మనుషులు, చెట్టు తెలిసినవాళ్ళు ఉన్నారు. కానీ నోట్లో గుడ్డ కుక్కి ఉండడానికి ఇందులో చోటు లేదు. తెల్లారి మేలుకుని బయటికి వస్తుందనుకున్న మనిషి నోట్లో ఎవరూ గుడ్డ కుక్కరు. పైగా పత్రికలు పదేళ్ళు రాసిన తరవాత వచ్చిన ఉత్తరంలో, చెప్పేవారి జ్ఞాపకం ఎంత, చదివినది ఎంత అన్నది విడదీయడం కష్టం.

ఇక మీ రెండో ప్రశ్న. డీఎన్ఏ ఎందుకు లేదు అంటే, ఎముకలు లేవు. వెబ్‌స్టర్ ప్రయోగశాలకు వెళ్ళిన అస్థిపంజరమూ, ఆయన రాసిన శవపరీక్ష నివేదికా ఆ తరవాత కనబడకుండా పోయాయి. దీని వెనక ప్రభుత్వ రహస్యం ఉందని కొందరు నమ్ముతారు. నేను పనిచేసిన చోట జరిగినది చెబుతాను. ఒక పాత కేసులో ఎముకలు మళ్ళీ పరీక్షించవలసి వచ్చి పెట్టె తీయించాం. అట్టపెట్టె మీద అంటించిన చీటీలో సిరా తేమకు అలుక్కుపోయి, కేసు నంబరులో చివరి రెండు అంకెలు పోయాయి. పక్కన అదే ఏడాదిది, అచ్చం అలాంటిదే ఇంకో పెట్టె ఉంది. ఒకదానిలో పుర్రె ఉంది, కింది దవడ లేదు. రెండోదానిలో రెండు కింది దవడలు ఉన్నాయి. దవడ కీళ్ళను పుర్రె అడుగున ఉండే గుంటల్లో ఆన్చి, పై పళ్ళ అరుగుదల కింది పళ్ళ అరుగుదలతో కలుస్తోందా లేదా అని భూతద్దంతో చూడడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. కలిసింది కాబట్టి బతికిపోయాం. ఆ చీటీ ఎవరైనా పెన్సిలుతో రాసి ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు. పెన్సిలు రాత తడికి చెదరదు. గదులు మారినప్పుడు, పెద్దాయన రిటైరైనప్పుడు, చీటీ చెరిగినప్పుడు ఎముకలు పోతాయి. యుద్ధకాలంలో ఒక ప్రయోగశాలలో పెట్టె తప్పిపోవడానికి గూఢచారి శాఖ పూనుకోనక్కరలేదు.

అవశేషాలు నిలిచిన చోట ఏం జరిగిందో చూస్తే ఈ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. 1974 జులైలో అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్ ఇసుక దిబ్బల్లో ఒక స్త్రీ శవం దొరికింది. వేలిముద్రలు దొరక్కుండా హంతకుడు చేతులు తీసేశాడు. ఆ శవాన్ని తరవాతి దశాబ్దాల్లో పలుసార్లు తవ్వి తీసి పరీక్షించారు. చివరికి 2022లో, డీఎన్ఏను బంధువుల వంశవృక్షాలతో పోల్చే పద్ధతి ద్వారా ఆమె రూత్ మేరీ టెర్రీ అని తేలింది. ఏడాది తిరగకముందే, 2023లో, ఆమెను చంపింది 2002లో మరణించిన ఆమె భర్త గై ముల్డావిన్ అని అధికారులు ప్రకటించారు. నలభై ఎనిమిదేళ్ళు పేరు కోసం పట్టాయి. పేరు దొరికాక హంతకుడి దాకా పోవడానికి నెలలు చాలాయి. పేరు ఉంటే పెళ్ళి రికార్డు ఉంటుంది, చివరిసారి ఎవరితో కలిసి కనిపించిందో చెప్పే అన్నదమ్ములు ఉంటారు, ఆ రోజుల్లో ఎవరు అబద్ధం చెప్పారో తేల్చే వీలుంటుంది. అయితే పేరు దొరికిన ప్రతిచోటా ఇలా జరగదు. 1957 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో అట్టపెట్టెలో దొరికిన చిన్న పిల్లవాడు జోసెఫ్ అగస్టస్ జరెల్లీ అని 2022 డిసెంబరులో ప్రకటించారు. ఆ హంతకుడు ఎవరో ఇప్పటికీ తేలలేదు. అరవై ఐదేళ్ళలో చెప్పవలసినవాళ్ళు చాలామంది పోయారు.

డీఎన్ఏ లేకుండానే తేలినదీ ఒకటి ఉంది. 1992లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో నదిలో హత్యకు గురై దొరికిన స్త్రీ చేతి మీద నల్ల గులాబీ పచ్చబొట్టు ఉండేది. 2023లో ఇంటర్‌పోల్, పేర్లు తెలియని స్త్రీల వివరాలను బహిరంగంగా వెల్లడించినప్పుడు బ్రిటన్‌లోని ఆమె కుటుంబం ఆ పచ్చబొట్టును వార్తల్లో చూసి గుర్తుపట్టింది. ఆమె రీటా రాబర్ట్స్. హాగ్లీ స్త్రీకి పచ్చబొట్టు లాంటి గుర్తు ఆ వంకర పళ్ళ వరుస. దాన్ని తెలిసినవాళ్ళు చూడవలసిన కాలంలో చూడలేదు. పుర్రె ఫోటోల ఆధారంగా ప్రొఫెసర్ కారొలిన్ విల్కిన్సన్ 2018లో ఆమె ముఖాన్ని పునర్నిర్మించారు. అది మంచి పనే, కానీ ముఖచిత్రం రుజువు కాదు, చూసినవాళ్ళకు గుర్తు చేసే సాధనం మాత్రమే. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు బతికి ఉంటే నూరేళ్ళకు దగ్గర పడినవాళ్ళై ఉంటారు. కాబట్టి ఈ కేసులో ఆశ ఉంటే అది ఏదో గదిలో మిగిలిపోయిన పెట్టె మీద, లేదా పుర్రెకు అంటుకుని ఉన్న జుట్టు ఎవరైనా విడిగా భద్రపరిచి ఉంటే దాని మీద. కుదురు లేని వెంట్రుక నుంచి కూడా ఇప్పుడు డీఎన్ఏ తీయగలుగుతున్నారు.

చివరిది, ఎవరు చంపి ఉంటారు. పేరు చెప్పే స్థితిలో ఎవరూ లేరు, చెప్పినవాళ్ళను నమ్మకండి. మనిషి ఎలాంటివాడన్నది మాత్రం కొంత చెప్పవచ్చు. ఆ తొర్ర కుర్రాడు చెట్టెక్కి తొంగి చూస్తే తప్ప బయటపడలేదు. యుద్ధకాలపు చీకట్లో, దీపం వెలుతురు బయటికి కనిపించడమే నేరమైన రోజుల్లో, దాన్ని వెతుక్కుంటూ పోయి కనుక్కోవడం కుదరదు. అక్కడ బోలు చెట్టు ఉందని అతనికి ముందే తెలుసు. పెట్రోలుకు 1939 సెప్టెంబరు నుంచే రేషను ఉంది, రాత్రిపూట కారు తిరిగితే నలుగురి కళ్ళలో పడుతుంది. శరీరం బిగుసుకోక ముందే తొర్రలోకి దింపాడంటే చంపినది అడవిలోనో దాని అంచునో అయి ఉండాలి. ఆమె అతనితో తనంతట తాను అక్కడిదాకా నడిచి వచ్చి ఉంటుందని నా అనుమానం. పారిపోవడం మానుకుని అంత కష్టపడి దాచాడంటే, ఆమె ఎవరో తెలిస్తే తన దగ్గరికి వస్తారని భయపడే మనిషై ఉంటాడు. ఇది కచ్చితమైన సూత్రం కాదు కానీ, నేను చూసిన కేసుల్లో ఎక్కువగా నిలిచినది. భర్త కావచ్చు, పరిచయస్థుడు కావచ్చు. ఉంగరం తీసుకోకుండా వదిలేశాడంటే దోపిడీ ఉద్దేశం బలంగా కనబడదు.

పోలీసుల పాత ఫైళ్ళు ఇప్పుడు వుస్టర్‌షైర్ పురాలేఖనాగారానికి చేరాయి. వాటిని చూసే అవకాశం మీకు ఎప్పుడైనా వస్తే గూఢచారుల కాగితాలు పక్కన పెట్టి, డడ్లీ సంత దుకాణదారు ఏం చెప్పాడన్నది ముందు వెతకండి. ఆరు జతలు ఏ నెలలో అమ్మాడు, ఎవరికి అమ్మినట్టు లీలగానైనా గుర్తుందన్నాడు, ఆ సంతకు ఏ ఊళ్ళవాళ్ళు వచ్చేవాళ్ళు అన్న మూడు సంగతులు దొరికితే, ఆ ఊళ్ళలో 1941 తరవాత రేషను పుస్తకం మార్పించుకోని ఆడవాళ్ళ జాబితా కోసం అడగండి.